అనీసా ఇంగ్లీషు

పెళ్లయి నలభై రోజులైనా అనీసాకు ప్రతి ఉదయమూ పండగలాగే ఉంది. భర్త అతావుల్లా బండెక్కి తన స్పోకెన్ ఇంగ్లీషు సెంటరుకు బయలుదేరగానే ఆమె ఫోన్ తీసుకుని మిద్దె మీదికి పరిగెత్తేది. మునగచెట్టు తొలిపూత పూసిందనో, టీలో బిస్కెట్టు విరిగి పడితే అతని ముఖం ఎంత ముద్దుగా మారిందనో ఇంగ్లీషులో చెప్పి, రికార్డు చేసి అతనికి పంపేది. "నీ ఇంగ్లీషు ఇనకపోతే నాకు తెల్లారదు" అనేవాడు అతను. ఆ మాటకే ఆమె రోజంతా మురిసిపోయేది.

ఆ ఉదయం ఆమె మాట సగంలో ఉండగా పక్కింటి పద్మజ పిట్టగోడ మీదుగా తొంగిచూసింది. ఆ పిల్ల డిగ్రీ చదువుతూ అతావుల్లా దగ్గరికే క్లాసుకు వెళ్తుంది.

"అక్కా, ఇప్పుడు పట్టుకున్నా! మా క్లాసులో దినామూ ఇనిపిస్తాండేది నీ గొంతేనా?"

"నా గొంతా? యాడ?"

"సారు స్పీకర్లో పెడ్తాడు కదక్కా, ఇది మన అనంతపురం యాస, ఇట్ల పలకొద్దండి అని. ఆ బిస్కెట్టు కత ఉండాదే... నవ్వీ నవ్వీ కడుపులు నొచ్చినాయి!"

అనీసా సగంలో ఉన్న రికార్డు చెరిపేసి మిద్దె దిగింది.

మధ్యాహ్నం అతను అన్నానికి కూర్చోగానే అడిగింది.

"నా మాటలు ఎంతమందికి ఇనిపించినావు?"

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "పేరు చెప్పలేదు అనీసా..."

"పేరు చెప్పకపోతే నేను కాకుండా పోతానా? నీకొక్కనికే చెప్పుకున్నా కదా!"

"పిల్లోళ్లకు తప్పు తెలియాల కదా. బెంగుళూరు కాల్ సెంటర్లో నాకూ ఇట్లనే నేర్పినారు. నా కాల్ రికార్డు పెట్టి... ముప్పై మంది ముందర."

అత్త రమీజా పప్పు గిన్నె ఠంగుమని కింద పెట్టింది. "అప్పుడు ఇంటికొచ్చి మూడు దినాలు నోరు తెరవకుంటివి కదరా! అది అనుభవించినోడివి, ఈ పిల్లకు చేస్తివా?"

అనీసా గదిలోకి వెళ్లిపోయింది. కాసేపటికి అతను గుమ్మంలో నిలబడి ఇంగ్లీషులో క్షమాపణ మొదలుపెట్టాడు. మొదట ఎప్పటి నున్నటి గొంతే. ఏడుపు అడ్డుపడేసరికి ఆ నునుపు రాలిపోయింది. మాటల చివర్లు సాగాయి, పలుకు బరువెక్కింది. అచ్చం అనీసా పలుకులాగే.

"ఈ గొంతు ఎవురిది?"

"నాదే. ఆ కాల్ సెంటర్లో అందరూ నవ్వినాక దాచేసినా. నీ మాట ఇంటే మళ్లా ఆ గొంతే ఇన్నట్టుండేది. ఇష్టంగా ఉండేది, సిగ్గుగా ఉండేది. నా సిగ్గు దాచుకోడానికి నిన్ను నవ్వులపాలు చేసినా."

అనీసాకూ ఏడుపొచ్చింది. కోపం పోలేదు, కానీ ఎదురుగా ఉన్నవాడు మొదటిసారి తనవాడిలా వినిపించాడు.

"రేపు ఈ గొంతుతోనే క్లాసులో చెప్పు. అవి నా పెండ్లాం నాకు చెప్పుకున్న మాటలు, మీకు ఇనిపించి తప్పు చేసినా అని."

"నవ్వుతారు అనీసా."

"నవ్వనీ" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "ముందు బెంచీలో నేను కూచుంటా."