మూడో మలుపు దగ్గర పన్నెండు సెకన్లు

ఆగస్టు చివరి వారంలో, ముసురు పట్టిన ఒకానొక ఉదయాన, పసుపు రంగు రెయిన్‌కోటు తొడుక్కున్న ఒక యువతి ఎస్కిల్ సామ్రాజ్యం మీదికి దండెత్తి వచ్చింది. ఆమె చేతిలోని ఆయుధం అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఒక నల్లటి పెట్టె.

"ఇదేం కొలుస్తుంది?" అని అడిగాడు ఎస్కిల్.

"మీ చేతిని," అంది ఆమె.

"పొడుగా, వెడల్పా?"

"నిలకడ."

సామ్రాజ్యం అనడంలో అతిశయోక్తి లేదు. కోపెన్‌హాగెన్ శివార్లలోని హాసెల్‌లుండ్ పార్కులో ‘పాత కొండ’ అనే ఆ రోలర్ కోస్టర్‌ను చెక్కతో కట్టి నూట పదేళ్ళయింది. దాని మీద పరుగెత్తే ప్రతి బండికీ నడుమ ఒక బ్రేక్‌మన్ కూర్చుంటాడు. పల్లం వచ్చినప్పుడల్లా ఇనుప కడ్డీ లాగి బండిని అదుపు చేస్తాడు. డెన్మార్క్ రాజుగారు సైతం తన ప్రజలను నెమ్మదిగా వెళ్ళమని బతిమాలుకోవలసిందే. ఎస్కిల్ మాత్రం ఇరవై నలుగురిని ఒక్క మోచేతి కదలికతో శాసించేవాడు. అంతటి అధికారానికి ఒకే ఒక్క నియమం: ప్రయాణికులతో మాట్లాడరాదు, పట్టాల మీది నుంచి చూపు తిప్పరాదు.

వచ్చిన యువతి పేరు జోన్నా, వృత్తిరీత్యా ఇంజినీరు. పార్కు యాజమాన్యం ఆమెకు అప్పగించిన ప్రశ్న చాలా చిన్నది. బ్రేకు మనిషి చేతిలోనే ఉండాలా, కంప్యూటర్‌కు అప్పగించాలా? బండి ప్రతిసారీ రెండు సెకన్ల తేడా దాటకుండా ఇల్లు చేరితే ఎస్కిల్ సీటు ఉంటుంది, లేకపోతే వచ్చే వసంతానికి ఊడుతుంది. రెండో బ్రేక్‌మన్ గుండర్ ఈ సీజన్‌తో ఎలాగూ పదవీ విరమణ చేస్తున్నాడు. కాబట్టి నూట పదేళ్ళ బ్రేక్‌మన్ల వంశం మొత్తం ఎస్కిల్ కుడి మోచేతి మీద నిలబడింది. ఇరవై ఎనిమిదేళ్ళ ఆ కుర్రవాడు చదువు సగంలో వదిలేశాడు, ఉన్న ప్రేమా సగంలో వదులుకున్నాడు. పూర్తిగా చేతనైన పని ఇదొక్కటే.

మొదటి మూడు రోజులూ పెట్టె సీటుకు పట్టీతో కట్టించుకుని ఒంటరిగా ప్రయాణించింది. నూరు సెకన్లు, నూరు సెకన్లు, ఒక్కసారి మాత్రం నూటొకటి. నాలుగో రోజున పట్టీ వదులైందని జోన్నా పెట్టెను ఒళ్ళో పెట్టుకుని తానే బండెక్కి, సరిగ్గా ఎస్కిల్ ముందు వరసలో కూర్చుంది. రాజ్యాలు ఇలాగే కూలుతాయి.

కవులు నాయికను ముఖంతో మొదలుపెడతారు. ఎస్కిల్‌కు దక్కింది మెడ వెనుక భాగం, అదీ రెయిన్‌కోటు దయతలచినంత మేర. తడిసిన నాలుగు వెంట్రుకలు అక్కడ అతుక్కుని ఉండేవి. పట్టాలు చూడాలంటే వాటి పక్కనుంచే చూడాలి గనుక నియమభంగం జరిగిందని ఎవరూ అనలేరు.

ట్రిప్పుల మధ్య కాఫీ దుకాణం చూరు కింద ఇద్దరూ నిలబడేవారు. దారి పొడవునా ఏమాలోచిస్తారని ఆమె ఒకసారి అడిగితే, బ్రేకు గురించి అన్నాడు. ఇంకా అంటే, ఇంకో బ్రేకు గురించి అన్నాడు. ఇంతటి రసికుణ్ణి తాను చూడలేదని ఆమె నవ్వింది. తర్వాత నవ్వు మాని, మూడో మలుపు దగ్గర చెట్ల మీదుగా సముద్రం బూడిదరంగులో కనిపిస్తుందనీ, చూద్దామనుకునేలోగా పోతుందనీ అంది.

ఆ తర్వాతి ట్రిప్పులో మూడో మలుపు దగ్గర ఎస్కిల్ మోచేయి యజమానిని అడగకుండానే కదిలింది. రెండు సెకన్ల ఆలస్యం. మర్నాడు ఐదు. రెండో వారానికి పన్నెండు. ఈ సంగతి లోకానికి తెలియదని అతడు నమ్మాడు. లోకం చిన్న పెట్టె రూపంలో ఆమె ఒళ్ళోనే కూర్చుని ఉంది.

రెండో శుక్రవారం నాడు జోన్నా బ్రేక్‌మన్ల గదిలోకి వచ్చి బల్ల మీద ఒక కాగితం పెట్టింది. కొన్ని ట్రిప్పులు పన్నెండు సెకన్లు ఆలస్యమయ్యాయనీ, ఆ రోజులన్నిటా వాన కురిసిందనీ చెప్పింది. తడికి బండి మందగించి ఉంటే వాటిని లెక్కలోంచి కొట్టేయవచ్చు, సీటు నిలుస్తుంది.

"వాన వల్లేనా?" అని అడిగింది.

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో అబద్ధమాడని గుండర్ ఆమె వెనుక నిలబడి, అవునను, అవునను అని తల ఊపసాగాడు.

అయితే తడిసిన పట్టాల మీద బండి జారుతుందనీ, వానలో బ్రేకు ముందుగానే పట్టాలనీ ఎస్కిల్‌కు మొదటి పాఠంగా నేర్పింది ఆ గుండరే. వాన బండిని ఆపుతుందని రిపోర్టులోకి ఎక్కితే, రేపు మనిషైనా యంత్రమైనా దాన్ని నమ్మి వానలో బ్రేకు వదులుతుంది. ఆ బండిలో ఇరవై నలుగురుంటారు.

"వాన కాదు," అన్నాడు ఎస్కిల్. "వానలో పాత కొండ ఇంకా జోరుగా పోతుంది. ఆపింది నేను."

"ఎందుకు?"

"ముందు వరసలో మీరున్నారు కాబట్టి."

గుండర్‌కు హఠాత్తుగా బయట చక్రాలకు నూనె వేయవలసిన అవసరం గుర్తుకొచ్చింది.

జోన్నా చాలాసేపు కాగితం అంచు సరిచేసింది. "నాకు మంగళవారమే తెలుసు," అంది. "అదే వానలో నేనెక్కకుండా పెట్టెను మాత్రమే పంపిన ట్రిప్పులన్నీ నూరు సెకన్లే."

"మరి అడగడమెందుకు? పరీక్షా?"

"కాదు, భయం. వానే అంటే మీకు సీటు మిగిలేది. నాకేం మిగిలేది కాదు."

రిపోర్టు మార్చలేనని ఆమె మెల్లగా అంది. మార్చమని తానడగలేదని అతడన్నాడు. ప్రేమ నివేదన అనే మహాఘట్టం అంతటితో ముగిసింది. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళున్నాయి, బయట మరీ ఎక్కువ.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం పార్కు మూసిన రోజున పనివాళ్ళు వచ్చి బ్రేక్‌మన్ సీటు మరలు విప్పి తోపుడుబండిలో వేశారు. యాజమాన్యం తరఫున కాఫీ, బాదం కేకు అందాయి. గుండర్ తన కేకు తినకుండా ఎస్కిల్ పక్కకు వచ్చాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క సెకను తేడా రానివ్వలేదురా," అన్నాడు. "ఇంటికెళ్తే పలకరించడానికి కుక్కైనా లేదు. నువ్వు పన్నెండు సెకన్లతో బయటపడ్డావు, వెళ్ళు."

జోన్నా గేటు దగ్గర నిలబడి ఉంది. మర్నాటి నుంచి తనకు పొరుగు దేశంలోని గోథెన్‌బర్గ్‌లో పనుందనీ, అక్కడా ఒక పాత రోలర్ కోస్టర్‌ను కొలవాలనీ, శీతాకాలమంతా పడుతుందనీ చెప్పింది.

"అక్కడ నాకేం పని?" అన్నాడు ఎస్కిల్.

"ఏ పనీ లేదు. అయినా రా."

సీటు ఉన్నచోట నాలుగు మర రంధ్రాలు మిగిలాయి. వాటిలో అప్పుడే వాననీరు నిలిచింది. అతడు ఇంకొకసారి అటు చూశాడు. పదవీచ్యుతులైన ప్రభువులు సాధారణంగా పెద్ద పరివారంతో, పెట్టెబేడాతో దేశం విడుస్తారు. ఇతడు గొడుగైనా లేకుండా ఆమె పక్కన స్టేషను వైపు నడిచాడు.