ఎర్ర లేసు

"ఎవరినీ కాల్చక్కర్లేదు. ఒక గొడుగు పిడి విప్పాలి, మళ్ళీ బిగించాలి. అంతే" అన్నాడు ఆక్సెల్.

స్వీడన్ రహస్య దళానికి అధిపతి అయిన ఆక్సెల్ నోట 'అంతే' అన్న మాట వచ్చిందంటే ఎక్కడో తిరకాసు ఉన్నట్టే. ఏజెంట్ ఫోల్కె హాల్‌గ్రేన్‌కి ఆ సంగతి అనుభవం మీద తెలుసు.

"రేపటి నుంచి నాకు సెలవు."

"తెలుసులే. మీ ఆవిడతో గోథెన్‌బర్గ్ వెళ్తున్నావు. ఆ గొడుగు కూడా గోథెన్‌బర్గ్‌లోనే ఉంది. చూశావా, ఎలా కలిసొచ్చిందో!"

"ఆ ఊరు బాగుంటుందని పోయిన వారం చెప్పింది నువ్వే, ఆక్సెల్."

ఆక్సెల్ ఓ గుక్క కాఫీ తాగాడు. తర్వాత పని వివరించాడు.

నీమన్ అనే పియానో మెకానిక్ ఉన్నాడు. తూర్పు దేశం గూఢచారి. పదేళ్ళుగా స్వీడన్‌లో స్వీడిష్ వాడిలాగే బతుకుతున్నాడు. మన సముద్ర తీరంలో నీటి అడుగున మందుపాతరలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే మ్యాపు వాడి చేతికి చిక్కింది. మైక్రోఫిల్మ్ చేసి గొడుగు పిడిలో దాచాడు. ఇంకో నాలుగు రోజుల్లో ఫెర్రీ ఓడలో డెన్మార్క్‌కి దాటిపోతాడు.

"పట్టుకుని లోపలేస్తే పోలా?"

"ఇంకోణ్ణి పంపుతారు. దానికంటే తప్పుడు మ్యాపు మోసుకుపోనిద్దాం. ఉత్త నీళ్ళు చూసి కూడా వాళ్ళ జలాంతర్గాములు వణకాలి. నకిలీ ఫిల్మ్ నీ కుడి బూటు మడమలో పెట్టించాను. పక్కకి తిప్పితే తెరుచుకుంటుంది. వాడి ఇంటి తలుపు యోర్డిస్ తీస్తుంది."

యోర్డిస్ నైట్ క్లబ్బులో పాటలు పాడుతుంది. నీమన్‌కి ప్రియురాలు, ఆక్సెల్‌కి ఏజెంటు. ఫిల్మ్ పోయిందని నీమన్‌కి తెలిస్తే మొదట పోయేది ఆమె ప్రాణమే.

"మైకెన్‌కి ఏం చెప్పను?"

"సెలవని చెప్పు. అబద్ధం కాదుగా."

మొగుడు తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరని ఫోల్కె భార్య మైకెన్ నమ్మకం. ఏడు వేసవులుగా ఏదో ఒక తనిఖీ వచ్చిపడి వాళ్ళ ప్రయాణం ఆగిపోతూనే ఉంది. ఈసారి ఆమె పసుపుపచ్చ గౌను కుట్టించుకుంది. రైల్లో ఫోల్కె బూటు లేసు తెగింది. దారిలో స్టేషన్ కొట్లో ఎర్ర లేసు తప్ప మరేదీ దొరకలేదు. దాన్ని ఆమే ఓపిగ్గా కుడి బూటుకి ఎక్కిస్తుంటే, ఆ వేళ్ళకి అంగుళం దూరంలో ఉన్న నకిలీ ఫిల్మ్ తలుచుకుని ఫోల్కె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. సిగ్గేసింది.

*

మర్నాడు పొద్దున్న వాన పడి వెలిసింది. కాలవ గట్టున గడ్డి మీద మైకెన్ రెగ్జిన్ గుడ్డ పరిచింది. ఉప్పు చేప, బంగాళాదుంపల సలాడ్, స్ట్రాబెర్రీలు బుట్టలోంచి ఒక్కొక్కటే తీసి సర్దింది.

"ఏడేళ్ళు, ఫోల్కె" అంది. "నువ్వసలు తీసుకొస్తావని అనుకోలేదు. నువ్వంటే నాకు కోపమని మా అమ్మతో చాలాసార్లు చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా."

ఫోల్కె చేతిలో చేప ముక్క కింద పెట్టేశాడు. ఆ నిమిషంలో నిజం చెప్పేసి ఉంటే బాగుండేది. చెప్పలేదు. "దాల్చినచెక్క బన్నులు తెస్తా" అని లేచాడు. పర్సు గుడ్డ మీదే మర్చిపోయాడు.

రెండు వీధుల అవతల ఓ పాత మేడ గుమ్మంలో యోర్డిస్ నిలబడి ఉంది. ఆకుపచ్చ పట్టు గౌను, చెవులకి ముత్యాలు. ఫోల్కె జేబులోంచి పెట్టుడు మీసం తీసి అంటించుకుని దగ్గరకెళ్ళాడు.

"ఈ ఏడు స్ట్రాబెర్రీలు పులుపు" అన్నాడు.

"చక్కెర అద్దుకుంటే సరి" అందామె. కోడ్ సరిపోయింది. "తొందరగా రా. వాడు ఆవిరి స్నానానికి వెళ్ళాడు."

మూడో అంతస్తు. యోర్డిస్ తలుపు తీసి లోపలికి వెళ్ళింది. పన్నెండు దేశాల్లో పనిచేసి, రెండుసార్లు తుపాకీ గుండు తప్పించుకున్న ఏజెంట్ ఫోల్కె ఒక్క క్షణం గుమ్మం ముందు ఆగాడు. బూట్లు తడిగా ఉన్నాయి. లోపల చెక్క నేల తుడిచి అద్దంలా ఉంది. వంగి, లేసులు విప్పి, బూట్లు రెండూ బయట కాళ్ళు తుడుచుకునే పట్టా మీద జతగా పెట్టి, మేజోళ్ళతో లోపలికి నడిచాడు.

గొడుగు హాల్లోనే ఉంది. పిడి తిప్పాడు. అసలు ఫిల్మ్ అరచేతిలో పడింది. దాన్ని జేబులో వేసుకుని నకిలీ తీద్దామని కుడి కాలు ఎత్తాడు. బూడిద రంగు మేజోడు కనిపించింది.

యోర్డిస్ కూడా అటే చూసింది. "బూట్లు విప్పావా?"

"తడిగా ఉన్నాయి."

"దొంగతనానికొచ్చి బూట్లు విప్పావా!"

"నేల శుభ్రంగా ఉంది కదా అని..." నసిగాడు ఫోల్కె.

ఒక్క ఊపున వెళ్ళి తలుపు తీశాడు. పట్టా ఖాళీ. బూట్లు లేవు. కింద మెట్ల మీద ఎవరో ఈలేసుకుంటూ పైకి వస్తున్నారు.

"నీమన్!" యోర్డిస్ ముఖం పాలిపోయింది. ఖాళీ పిడి గబగబా బిగించి, ఫోల్కెని వంటింటి వెనక మెట్ల వైపు తోసింది. "ప్రయాణం ఇవాళకి మార్చుకున్నాడు, పెట్టె సర్దడానికే వస్తున్నాడు. వాడు ఫెర్రీ ఎక్కేలోపు ఏదో ఒక ఫిల్మ్ అందులో పడాలి. నన్ను చంపించకు, ఫోల్కె."

*

బూట్లు తీసుకుపోయింది మైకెన్. డబ్బుల్లేకుండా బన్నులెలా కొంటాడని పర్సు పట్టుకుని వెనకాలే పరుగెత్తింది. మలుపు తిరిగేసరికి మొగుడు మీసం అతికించుకుంటున్నాడు. ముత్యాల అందగత్తె నవ్వుతూ లోపలికి తీసుకుపోయింది. మైకెన్ మెట్లెక్కింది. మూడో అంతస్తులో, పరాయి ఆడదాని గుమ్మం బయట, తను ఎక్కించిన ఎర్ర లేసు. బెల్లు కొట్టడానికి చెయ్యి రాలేదు. బూట్లు చంకలో పెట్టుకుని దిగి, గట్టు మీది బుట్ట తీసుకుని, ఎటైనా వెళ్ళిపోదామని రేవు దారి పట్టింది. తర్వాత వచ్చిన నీమన్‌కి ఖాళీ పట్టా కనిపించింది కాబట్టే ఫోల్కె ప్రాణాలతో బయటపడ్డాడు. పాపం, ఆమెకి అదేం తెలుసు!

మేజోళ్ళతో ట్రాము పట్టాలు దాటి, నీమన్‌ని వెంబడిస్తూ ఫోల్కె రేవుకి చేరాడు. టికెట్లు కొన్నవాళ్ళు ఫెర్రీ ఎక్కడానికి చెయ్యి చాచినంత ఎడంలో ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ముందు నీమన్, చేతిలో గొడుగు. వాడి వెనక సైకిళ్ళతో ఓ కుటుంబం. వాళ్ళ వెనక పసుపుపచ్చ గౌను, బుట్ట, బూట్లు, టికెట్టు.

"మైకెన్."

ఆమె తల తిప్పలేదు. "క్యూ ఉంది. వెనక్కెళ్ళి నిలబడు."

"నువ్వనుకునేది కాదు."

"ఆ మీసం ఎందుకు మరి? ఆవిడకి మీసాలంటే మోజా?"

ఫోల్కె మూతి తడుముకున్నాడు. మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. పీకి జేబులో వేసుకున్నాడు. గొంతు తగ్గించి, దేశరహస్యాలన్నీ ఆ క్యూలోనే చెప్పేశాడు. సైకిళ్ళ వాళ్ళు మర్యాదగా సముద్రం వైపు చూశారు.

"కుడి బూటు మడమ తిప్పు. నీకే తెలుస్తుంది."

తిప్పింది. గోరంత ఫిల్మ్ బయటపడింది. మైకెన్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది.

"అయితే ఈ ఊరు ఎంచుకుంది ఎవరు?"

"మా ఆఫీసరు."

"రైల్లో నేను ఈ లేసు ఎక్కిస్తున్నప్పుడు నీకు ఇదంతా తెలుసా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "తెలుసు" అన్నాడు.

"మా ఆయన తీసుకెళ్తున్నాడని మా క్లినిక్‌లో అందరికీ చెప్పుకున్నాను, ఫోల్కె. ఇంకొకత్తి ఉందనుకుని దారంతా ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు కూడా రావట్లేదు."

తప్పు తనది. ఆక్సెల్ మీదకి నెట్టడానికి కూడా ఫోల్కెకి మనసొప్పలేదు.

సైరన్ మోగింది. క్యూ కదిలింది. టపటపా వాన మొదలైంది. నీమన్ గొడుగు విప్పాడు.

"ఆ పాటగత్తెని నిజంగా చంపేస్తాడా?"

"చంపేస్తాడు."

మైకెన్ బూట్లు ఫోల్కె గుండెకేసి కొట్టింది. ఫిల్మ్ పిడికిట్లో పెట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి క్యూ తప్పింది. "ఏమమ్మా, క్యూ కనబడట్లేదా?" అని సైకిళ్ళ ఆయన ఎర్రబడ్డాడు. ఆమె చెవులు కూడా ఎర్రబడ్డాయి. అయినా వెళ్ళి నీమన్ గొడుగు కిందికి దూరింది.

"కొత్త గౌనండీ, తడిసిపోతోంది. కాస్త జరగండి. ఈ బుట్ట పట్టుకోండి, గొడుగు నేను పడతా."

నీమన్ బిత్తరపోయాడు. పదేళ్ళలో ఒక్క స్వీడిష్ మనిషి కూడా వాడిని రేవులోగాని ట్రాములోగాని పలకరించిన పాపాన పోలేదు. ఇలాంటి ఆడమనిషి ఎదురైతే ఏం చెయ్యాలో వాడికి ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. కాదంటే పరాయివాడని తెలిసిపోతుందేమోనని బుట్ట అందుకుని గొడుగు ఇచ్చేశాడు.

"అయ్యో, ఆ పై పన్ను పుచ్చిపోయిందే! నేను పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తా. తల పైకెత్తండి. నోరు తెరవండి. ఇంకా... ఇంకాస్త... ఊఁ, అలాగే ఉంచండి."

చేతుల నిండా బుట్ట, ఆకాశంకేసి తెరిచిన నోరు, నోట్లో వాన చుక్కలు. నీమన్ అలా నిలబడి ఉండగా మైకెన్ చేతిలో గొడుగు పిడి విప్పుకుంది, మళ్ళీ బిగుసుకుంది.

"పీకించుకోవడమే మేలు" అంటూ బుట్ట తీసుకుని గొడుగు ఇచ్చేసింది.

మిషన్ పూర్తయింది. ఫోల్కె ఊపిరి పీల్చుకునేలోపే వెనకవాళ్ళు తోసుకుంటూ కదిలారు. మైకెన్ చేతిలో టికెట్టుంది. ఆమె ఆగలేదు. పసుపుపచ్చ గౌను ఫెర్రీ వంతెన ఎక్కి లోపలికి వెళ్ళిపోయింది.

రెండో సైరన్ మోగింది. తడిసిన మేజోళ్ళతో, చేతిలో బూట్లతో ఫోల్కె రేవు అంచున నిలబడిపోయాడు. దేశాన్ని కాపాడాడు. పెళ్ళాన్ని పోగొట్టుకున్నాడు. పిలవడానికి కూడా మొహం చెల్లలేదు.

నావికుడు వంతెన గొలుసు లాగబోతుండగా "ఉండండుండండి!" అని అరుపు వినిపించింది. బుట్ట ఊపుకుంటూ మైకెన్ దిగి వచ్చింది. వెనకాలే వంతెన లేచిపోయింది.

"డెన్మార్క్‌లో నాకెవరూ తెలియదు" అంది.

"క్షమించావా?"

"లేదు. ఆకలేస్తోంది. సెలవు ఇంకెన్నాళ్ళుంది?"

"మూడు రోజులు."

"ఆ మూడూ నావి. గొడుగులూ మీసాలూ కనబడ్డాయో, రెండు బూట్లూ సముద్రంలో పడతాయి."

ఫోల్కె తలాడించి, రాతి మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. "ముందు గోధుమరంగు లేసు కొనుక్కుంటా. ఇది నవ్వులాటగా ఉంది."

"ఎర్రదే ఉండనీ" అంది మైకెన్, వంగి తనే గట్టిగా ముడేస్తూ. "నువ్వు ఎక్కడ విప్పినా నేను గుర్తుపట్టాలిగా."