మండని లోషన్

పొద్దు పూర్తిగా పైకి రాకముందే వరండా గచ్చు కాలు నిలవనీయడం లేదు. గడ్డం నిండా సబ్బు నురగతో కోచ్‌గారు బాత్‌రూమ్ బయట నిలబడి ఉన్నారు. లోపల అద్దం ముందు అల్లుడు ఒక చెంపకి ఒక క్రీమూ, రెండో చెంపకి ఇంకో క్రీమూ రాసుకుని మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"ఏం అల్లుడుగారూ, ఇవాళ ఏ సినిమాకి మేకప్పు?"

"అయిపోయింది మామయ్యా."

"అయిపోదులే. నీ మొహానికి ఎంత పూసినా అయిపోదు."

అల్లుడు వాచీలు బాగుచేస్తాడు. కొట్టు వెనక గదిలో, ట్యూబ్‌లైటు కింద, కంటికి భూతద్దం బిగించుకుని పగలంతా కూర్చుంటాడు. అక్కడికి ఎండ సంగతి సరే, గాలి కూడా అడిగి రావాలి. అలాంటివాడికి ఇన్ని రకాల సన్‌స్క్రీన్లు! ఒకటి తెల్లగా పేరుకుంటుందట. ఇంకొకటి చెమటతో కారి కళ్ళు మండిస్తుందట. ఉద్యోగమంతా గ్రౌండ్‌లో పిల్లల చేత పరుగులు తీయించి, రిటైరయ్యాక కూడా అదే ఎండలోకి వెళ్ళే కోచ్‌గారికి ఆ మాటలు వింటే నవ్వొచ్చేది. మనుషుల్ని ఆయన రెండు రకాలుగా విడదీసుకున్నారు: ఎండలో నిలబడేవాళ్ళు, నిలబడలేనివాళ్ళు. రెండో రకం మీద ఆయనకి జాలి కూడా కలిగేది కాదు.

అల్లుడు తప్పుకోగానే లోపలికెళ్ళి గడ్డం గీసుకున్నారు. ఆకుపచ్చ సీసాలోంచి షేవింగ్ లోషన్ అరచేతిలో ఒంపుకుని చెంపలకీ, మెడకీ, చెవులకీ, మోచేతుల దాకా దట్టించారు. ఇది క్రీమ్ కాదు. ఇది మగాడి సరంజామా. ఆ సీసా భార్య ఉన్నప్పుడు కొన్నది. లోషన్ అయిపోయినప్పుడల్లా కూతురు కొత్తది తెచ్చి అందులోనే పోసేది.

టీ తాగుతూ తేల్చేశారు. "కొట్టు మీద గది ఖాళీగానే ఉందిగా. ఇద్దరూ అక్కడికి మారిపోండి. ఈ ఇంట్లో అద్దం ఒక్క మగాడికే సరిపోతుంది."

"ఏంటి నాన్నా, పొద్దున్నే ఈ మాటలు?" అంది కూతురు.

"నన్ను చూసి నేర్చుకోమను నీ మొగుణ్ణి. నా చెవి మీద పుండు కోసినప్పుడు ఆ డాక్టరు ఎంత భయపెట్టాడు! సన్‌స్క్రీన్ రాయకుండా ఎండలోకి వెళ్ళొద్దు, మళ్ళీ వస్తే మామూలు పుండు కాకపోవచ్చు అని. రాశానా? రెండు వేసవులు గడిచాయి. మొన్న చూసి ఏమన్నాడు? శుభ్రంగా ఉందన్నాడు. ఎండే మందు."

అల్లుడు కప్పులోకి చూస్తూ, "చెప్పకు," అన్నాడు మెల్లగా.

"ఎందుకు చెప్పను? నాన్నా, ఆ సీసాలో ఉన్నది లోషన్ కాదు. సన్‌స్క్రీన్."

కోచ్‌గారు కప్పు దింపి బాత్‌రూమ్ వైపు చూశారు.

"నువ్వు పసిగట్టకుండా ఉండాలంటే వాసన ఉండకూడదు, తెల్లగా కనపడకూడదు, చెమట పడితే కళ్ళలోకి కారకూడదు. ఒక్కోటీ ఈయన తన మొహం మీద రాసుకుని, ఎండలో డాబా మీద తిరిగి చూశాడు. దద్దుర్లొస్తే నువ్వు పగలబడి నవ్వావు, గుర్తుందా? మూత తీయగానే నీకు పాత వాసనే రావాలని, మూత అంచుకి ఆ లోషన్ చుక్క రాసేది కూడా ఈయనే."

"మోసం!" కోచ్‌గారు లేచారు. "నా ఇంట్లో నన్నే పసివాణ్ణి చేస్తారా? సాయంత్రానికి మీరిద్దరూ ఇక్కడ కనపడకూడదు."

సీసాని సింకులో బోర్లించి, మొహం, చేతులు సబ్బుతో బరబరా రుద్ది కడుక్కుని, ఉత్త తలతో గ్రౌండ్‌కి వెళ్ళిపోయారు.

ఎండ పగబట్టినట్టు కాసింది. చెవి మీద కుట్లు పడిన చోట మిరపకాయ రుద్దినట్టు మండింది. విజిల్ పళ్ళ మధ్య బిగించి నిలబడ్డారు. ఇక నిలబడలేక గ్యాలరీ కింద నీడలో కూలబడ్డారు. అందరూ తననే చూసి నవ్వుతున్నారనుకున్నారు. ఎవరూ చూడలేదు.

వెక్కిరించడానికి తను తప్ప ఇంకెవరూ లేని ఆ నీడలో ఒక సంగతి గుర్తొచ్చింది. పాత లోషన్ మండేది. గాటు మీద పడితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. రెండు వేసవులుగా అది మండలేదు. ఆ సంగతి చేతికి తెలుసు, చెంపకి తెలుసు. అయినా ఒక్కనాడూ కూతుర్ని ఎందుకని అడగలేదు. అడిగితే రాసుకోవడం మానేయాల్సి వస్తుంది. డాక్టరు గదిలోంచి బయటికొస్తూ గోడ పట్టుకుని నడిచిన మనిషి తనే. ఆ భయాన్ని అల్లుడి మొహానికి పూసి, దాన్ని చూసి రోజూ నవ్వుకున్నారు.

ఇంటికొచ్చేసరికి హాల్లో పెట్టె సర్ది ఉంది. అల్లుడు తన పనిముట్లని గుడ్డలో చుడుతున్నాడు. బల్ల మీద ఆకుపచ్చ సీసా కడిగి బోర్లించి ఉంది.

కోచ్‌గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎర్రగా కమిలిన చెవిని అల్లుడి వైపు తిప్పారు.

"ఆ ట్యూబేదో తియ్యి. వెనకవైపు నాకు సరిగ్గా అందదు."

అల్లుడు తడిగుడ్డ పిండి తెచ్చి చెవి మీద అద్దాడు.

"ఇప్పుడు రాసి లాభం లేదు మామయ్యా. పొద్దున బయల్దేరే ముందు రాయాలి."

"అయితే పొద్దున నువ్విక్కడ ఉండాలిగా."

కూతురు పెట్టెని కాలితో మంచం కిందికి తోసింది.

"అద్దం దగ్గర మాత్రం తొందరగా కానివ్వు," అన్నారు కోచ్‌గారు. ఆయన కళ్ళు మండాయి. తప్పు మోపడానికి మొహాన ఏ క్రీమూ లేదు.