మిలటరీ తాత మంచం

మిలటరీ తాత పోయాక, ఆ ఇంటి వెనక గదిలో ఆయన మంచం మీద రాత్రిపూట ఎవరు పడుకున్నా... కాలి బొటనవేలు ఎవరో పట్టుకుంటారట.

లాగరు, గిల్లరు. ఊరికే — పట్టుకుంటారట.

ముందు ఆ వైభోగం ఆయన అల్లుడికి దక్కింది. దుప్పటితో సహా వీధిలోకొచ్చి పడ్డాడు, వెనక్కి చూస్తే ఒట్టు. తర్వాత, పోయినాయనతో కలిసి యుద్ధం చేసిన స్నేహితుడొకాయన నవ్వుతూ వెళ్లి పడుకున్నాడు. తుపాకులకే బెదరని మనిషి, తెల్లారకుండానే చెప్పులు చేత్తో పట్టుకుని ఉడాయించాడు. ఇంకేముంది, మిలటరీ తాత దెయ్యమయ్యాడని వీధంతా కోడై కూసింది.

ఆ మాట వింటే చిన్నకూతురికి ఒళ్లు మండిపోయేది. నాన్న దెయ్యమేంటి? సైన్యం నుంచి వచ్చాక బస్సు నడుపుతూ, పొద్దున్నే ఇంటిల్లిపాదికీ తనే బూట్లు తుడిచిపెట్టిన మనిషి. తనకు జ్వరమొస్తే భుజానేసుకుని తెల్లవార్లూ వసారాలో తిరిగిన మనిషి. యుద్ధం ఎలా ఉండేదని అడిగితే, అక్కడ వంట మహా ఘోరంగా ఉండేదమ్మా అని నవ్వించేసేవాడు.

అన్నయ్య మాత్రం గది పడగొట్టించేస్తానన్నాడు. పిల్లలు జడుసుకుంటున్నారట, మేస్త్రీతో మాట్లాడటం కూడా అయిపోయిందట. నాన్నకంటూ మిగిలింది ఆ గదీ, ఆ మంచమూ. తనొక్కతే ఒక రాత్రి అక్కడ పడుకుంటాననీ, ఏమీ కాకపోతే గది జోలికి రావద్దనీ ఆమె మాట తీసుకుంది.

మాటైతే తీసుకుంది గానీ, దీపం ఆర్పగానే దుప్పటి గడ్డందాకా లాక్కుంది. కళ్లు విప్పుకునే పడుకుంది. ఎక్కడో కుక్క అరిచి ఊరుకుంది. ఆ తర్వాత చప్పుడే లేదు.

తలుపు కదిలింది.

అడుగులు... మెత్తగా... మంచం కాళ్లవైపు వచ్చి ఆగాయి. చల్లటి వేళ్లు ఆమె బొటనవేలిని పట్టుకున్నాయి.

"లేవండి... కల అది. మనింట్లోనే ఉన్నారు. పిల్లలంతా పడుకున్నారు."

అమ్మ గొంతు!

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇదేంటమ్మా అని అడిగితే, అమ్మ చీకట్లోనే మెల్లగా చెప్పింది — యుద్ధం నుంచి వచ్చింది మొదలు ఆయన నిద్రలో కేకలు పెట్టేవాడట. భుజం తట్టి లేపితే, శత్రువనుకుని చెయ్యి విసిరేవాడట. అందుకని దూరంగా నిలబడి, వేలు పట్టుకుని లేపేదట. పిల్లలకు తెలియనివ్వనని ఒట్టు కూడా వేయించుకున్నాడట.

కూతురికి దుఃఖం పొంగుకొచ్చింది. పగలంతా తమని నవ్వించిన మనిషి రాత్రిళ్లు ఇలా గడిపాడా? దెయ్యమూ లేదు, పాడూ లేదు. పాపం, అమ్మే అలవాటు కొద్దీ లేచి వస్తోంది.

"అమ్మా... నాన్న లేరు కదా. ఇక్కడ పడుకున్నది నేను," అంది, వీలైనంత మెత్తగా.

"నువ్వని తెలుసులేవే. కాస్త ఇటు జరుగు... ఆయన కాలు అందట్లేదు."

గోడవైపు సగం మంచం ఖాళీగానే ఉండాలి. ఆమె అటు చూడలేదు. ఊపిరి బిగబట్టి, మెల్లగా ఇవతలికి జరిగింది.