చేరినవా బిడ్డా?

రైలెక్కేవాళ్ళకి ఎవరో ఒకరు కిటికీ దగ్గర నిలబడి ఒక మాట చెబుతారు. "చేరగానే ఫోన్ చెయ్యి." గుంటూరు స్టేషన్లో ఆ మధ్యాహ్నం మా పెట్టెలో అందరికీ ఎవరో ఒకరు చెప్పారు. వేరుశనక్కాయల సంచీతో ఎక్కిన ముసలాయనకి కూడా మనవడు చెప్పాడు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మా అన్నయ్య శ్రీకర్ బండి పెట్టడానికి చోటు లేదంటూ గేటు దగ్గరే దింపి వెళ్ళిపోయాడు. అమ్మానాన్నా పోయాక నేను వాళ్ళింట్లో ఓ మూల పెట్టెలాంటిదాన్ని. పెట్టె కదిలిందని వదినకి లోపల సంబరమే.

నాకు కుళ్ళు ఎక్కువ. దాచడమెందుకు, ఈ కథంతా దానివల్లే.

రెండువేల పదకొండు, అక్టోబరు. తెలంగాణలో సకల జనుల సమ్మె నడుస్తోంది. సిటీ బస్సుల్లేవు, స్కూళ్ళు తెరవడం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి చేరాలని నేను బయల్దేరాను. హైదరాబాదు ఎప్పుడూ చూడలేదు. నల్గొండ మీదుగా వెళ్ళే ఆ బండి సాయంత్రం ఆరింటికి కాచిగూడ చేరాలి. వెలుగుండగానే హాస్టల్‌కి పోవచ్చనుకున్నాను.

రమ్య మిర్యాలగూడలో ఎక్కింది. ఎక్కించడానికి ముగ్గురొచ్చారు. తండ్రి జానయ్య తువ్వాలుతో సీటు దులిపాడు. తమ్ముడు బ్యాగు పైన సర్దాడు. తల్లి అరుణమ్మ కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి కూతురి చెంప నిమిరి, "చేరంగనే ఫోన్ చెయ్ బిడ్డా" అంది. బండి కదిలాక కూడా నాలుగడుగులు పక్కనే నడిచింది. అంత అవసరమా అనిపించింది నాకు.

పావుగంటకల్లా ఫోన్ మోగింది. "ఇప్పుడేకదనే ఎక్కింది!" అని రమ్య నవ్వింది. తర్వాత తండ్రి చేశాడు. తర్వాత తమ్ముడు. మళ్ళీ తల్లి. ప్రతిసారీ అదే ప్రశ్న, ఎక్కడిదాంక ఒచ్చినవ్ బిడ్డా అని. నేను కళ్ళలో నిప్పులు పోసుకుని చూస్తూ కూర్చున్నాను. పోనీ ఆ పిల్ల పొగరుబోతు అయితే తిట్టుకోవడానికన్నా వీలుండేది. అదీ లేదు. సజ్జరొట్టె విరిచి సగం నా చేతిలో పెట్టింది. "నాది గూడ దిల్‌సుఖ్‌నగర్‌లనే కోచింగ్ మృదులా. రోజు కల్సి పోదం" అంది.

మన్సూరాబాద్‌లో మేనత్త అండాలమ్మ ఇంట్లో ఉంటుందట. అత్త మొగుడు భిక్షపతి స్టేషన్‌కి ఆటో తెస్తాడట. ఆయన పదేళ్ళు మహారాష్ట్రలో, భీవండిలో మగ్గాల మీద పనిచేసి ఈమధ్యే తిరిగొచ్చాడు.

"మామ నన్ను సూసి పదేండ్లాయె, గుర్తువట్టడు. అందుకే అమ్మ ఈ పచ్చ చున్నీ ఏసుకొమ్మన్నది" అని చెప్పింది.

నల్గొండ దాటిన కాసేపటికి బండి ఆగిపోయింది. ముందు పట్టాల మీద జనం కూర్చున్నారు. గంట అయింది, మూడు గంటలయింది. పెట్టెలో చాలామంది దిగి హైవే వైపు నడిచిపోయారు. చీకటి పడింది. నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. రమ్య తన ఫోన్ ఇచ్చింది. అన్నయ్యకి చేశాను. వదిన ఎత్తింది. "ఆయన పడుకున్నారమ్మా, రేపు చెయ్యి" అని పెట్టేసింది. నేను ఎక్కడున్నానో కూడా అడగలేదు. రమ్య అంతా వింది, నా వైపే చూసింది. ఆ జాలి చూపు చూస్తే ఒళ్ళు మండింది నాకు.

బండి కదిలేసరికి పది దాటింది. చలిగాలికి ముడుచుకుని ఎప్పుడు నిద్రపోయానో తెలీదు. కుదుపుకి మెలకువొచ్చింది. కాచిగూడ. ఒంటిగంట. నా ఒంటిమీద పచ్చ చున్నీ కప్పి ఉంది. ఎదుటి సీట్లో రమ్య మోకాళ్ళు కడుపులో పెట్టుకుని పడుకుని ఉంది. సీటు కింద ఆమె నీలం చెప్పులు. పెట్టెలో ఇంకెవరూ లేరు. ఆమె ఫోన్ ఇంకా నా ఒళ్ళోనే ఉంది.

లేపుదామని చెయ్యి చాచాను. నిజంగా చాచాను. అప్పుడే నా ఒళ్ళో ఫోన్ వణికింది. తెర మీద 'అమ్మ' అని వెలిగింది. నడిరాత్రి ఒంటిగంటకి కూడా ఆ తల్లి నిద్రపోలేదు.

నా చెయ్యి వెనక్కొచ్చేసింది.

బండి ఇక్కడితో ఆఖరు, ఎవరో ఒకరు లేపుతారులే అనుకున్నాను. ఒక్క రాత్రి తనూ ఎవరూ లేకుండా స్టేషన్లో నిలబడి చూడనీ అని కూడా అనుకున్నాను. రెండోదే అసలు మాట. చున్నీ మెడచుట్టూ వేసుకుని, నా బ్యాగు తీసుకుని దిగిపోయాను.

గేటు బయట దీపాలు సగమే వెలుగుతున్నాయి. ఎక్కడో టైర్లు కాలిన కమురు వాసన. రోడ్డు మీద ఒకే ఒక్క ఆటో ఉంది. దాని అద్దానికి గులాబీ జెండా కట్టి, జై తెలంగాణ అని రాసి ఉంది. దాని పక్కన పలచటి మనిషి నా మెడలో చున్నీని చూసి ఎదురొచ్చాడు.

"రమ్యవేనా బిడ్డా?"

నోరు తెరిస్తే మా గుంటూరు యాస బయటపడుతుంది. తలూపాను.

ఆటో చాదర్‌ఘాట్ వంతెన ఎక్కింది. కింద మూసీ కంపు. ఫోన్ మళ్ళీ మోగింది. భిక్షపతి ముందునుంచి, "మీ అమ్మ అయ్యుంటది, మాట్లాడు" అన్నాడు. ఎత్తక తప్పలేదు. తెర మీద టైము చూశాను. ఒంటిగంటా ఇరవై.

"చేరినవా బిడ్డా?"

"ఊఁ" అన్నాను గొంతు తగ్గించి.

అవతల ఆమె ఊపిరి వదలడం వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. ఆ మాట జీవితంలో నన్నెవరూ అడగలేదు. టక్కున కట్ చేసి, ఫోన్ స్విచ్ ఆపేసి బ్యాగులో పడేశాను. దిల్‌సుఖ్‌నగర్ రాగానే ఏదో ఒకటి చెప్పి దిగిపోవాలి. అక్కడ నా హాస్టల్ ఉంది. ఆ తర్వాత ఎవరి గొడవ వాళ్ళది.

మలక్‌పేట్ దాటాం. షాపులన్నీ మూసి ఉన్నాయి. ఆటో చప్పుడు తప్ప ఏమీ లేదు. సీటు రెండోవైపు కొంచెం కిందికి కుంగినట్టయింది. గుంతలో పడ్డామేమో అనుకున్నాను. చలిగాలిలో సజ్జరొట్టె వాసనొచ్చింది. దానితోపాటు ఇంకేదో... ఇనుము వాసన. రైలు పట్టాల వాసన.

భిక్షపతి అద్దంలోకి చూశాడు.

"బిడ్డా, గా పిల్లను జర లోపలికి జరుగుమను. కాలు బయటికున్నది."

నేను పక్కకి చూశాను. ఎవరూ లేరు.

"ఎవరు... మామా?" అన్నాను. గుసగుసగానే వచ్చింది మాట.

"నీ దోస్తు. నువ్వు ఎక్కినంక అటుదిక్కు నుంచి ఎక్కిందిగద" అని గేరు మార్చాడు. ఆయన గొంతులో భయం లేదు, అనుమానం లేదు. ఇద్దరు ఆడపిల్లల్ని ఇంటికి తీసుకెళ్తున్న మనిషి గొంతు అంతే.

నేను బ్యాగు గుండెకి హత్తుకుని ఈ చివరకి నక్కాను. సీటు రెండోవైపు ఇంకొంచెం కుంగింది. జరిగినట్టు.

దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో రోడ్డుకడ్డంగా బెంచీలు వేసి పదిమంది కుర్రాళ్ళు కూర్చున్నారు. టార్చి పట్టుకుని ఒకడు వచ్చాడు. "ఎవరన్నా ఈళ్ళు?"

"మా పిల్లలే తమ్మీ. రైలు లేటయ్యింది."

టార్చి నా మొహం మీద పడింది. తర్వాత నా పక్కన పడింది. అక్కడే ఆగిపోయింది. ఆ కుర్రాడు నోరు తెరిచాడు, ఏదో అడగబోయాడు. ఒకడుగు వెనక్కి వేశాడు.

"పో అన్నా... జల్ది దవాఖానకు తీస్కపో" అన్నాడు.

నా హాస్టల్ సందు ఎడమవైపే ఉంది. బోర్డు కనిపించింది కూడా. దిగాలంటే ఎడమవైపు నుంచే దిగాలి. ఎడమవైపు సీటు ఖాళీగా లేదు. నాకేమీ కనిపించకపోయినా, ఖాళీగా లేదని తెలుస్తోంది. దిగలేదు. ఎల్బీనగర్ దాటి ఆటో మన్సూరాబాద్ సందుల్లోకి తిరిగింది.

అండాలమ్మ గుమ్మంలోనే ఉంది. దొరికిపోయానని అర్థమైంది. మొగుడు పదేళ్ళుగా చూడలేదుగానీ, ఈమె మేనకోడల్ని ఎత్తుకుని పెంచిన మనిషి. కాళ్ళ మీద పడి నిజం చెప్పేద్దామనుకున్నాను. చెబితే ఆయన వెంటనే వెనక్కెళ్ళి ఆ పిల్లని తెస్తాడు. ఆ క్షణంలో నాకు కావలసింది అదొక్కటే.

ఆమె నా భుజం పక్కకి చూసి మొహం విప్పార్చుకుంది.

"ఒచ్చినవా రమ్యా! గిట్ల చెప్పుల్లేకుండ ఒచ్చినవేందే? కాళ్ళన్ని మసి. ఈ పిల్ల నీ దోస్తా?"

మళ్ళీ తలే ఊపాను.

అండాలమ్మ రెండు గ్లాసుల్లో నీళ్ళిచ్చింది. రెండూ నా ముందే పెట్టింది. నేను ఒకటి తాగాను. రెండోది చూస్తూ ఉన్నాను. అది తగ్గలేదు. కానీ తెల్లటి గచ్చు మీద గుమ్మం నుంచి చాపదాకా నల్లటి పాదాల గుర్తులున్నాయి. ఉత్తి పాదాలవి. చిన్నవి. నావి కావు, నాకు చెప్పులున్నాయి.

చాప మీద రెండు దిండ్లేసి లైటు ఆపింది. గోడకి తిరిగి కళ్ళు మూసుకున్నాను. వెనక దిండు మెల్లగా అణిగింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత... నా మెడలోని చున్నీ కదిలింది. ఎవరో దాన్ని విప్పి, భుజాలదాకా లాగి, అంచులు సర్ది కప్పారు.

"చలి వెడ్తున్నదా మృదులా?"

తెల్లారేదాకా నేను కదల్లేదు.

ఆరింటికి భిక్షపతికి ఫోన్ వచ్చింది, రైల్వే పోలీసులనుంచి. బండిని యార్డుకి తీసుకుపోతుంటే లోపల నిద్రపోతున్న అమ్మాయికి మెలకువొచ్చిందట. కంగారుపడి చీకట్లో రెండోవైపు దూకిందట. ఆ పట్టా మీద ఇంజను వస్తోంది. ఒంటిగంటా ఇరవైకి. బ్యాగులో పుస్తకం మీద మామ నెంబరుంటే చేశారు. చెప్పులు సీటు కిందే ఉన్నాయట.

"రాత్రి ఈడికొచ్చిందిగదయ్యా! నీళ్ళిచ్చిన!" అని అండాలమ్మ అరిచింది. రెండో గ్లాసు ఎత్తి చూపించింది. ఆ గొడవలో నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనేమీ చెప్పలేదు.

మధ్యాహ్నానికి అరుణమ్మ వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నన్ను చూసి దగ్గరికి పిలిచింది. తెలిసిపోయిందనుకున్నాను. ఆమె నా తల నిమిరింది.

"నువ్వేనా మృదుల? రాత్రి పది నిమిషాలు మాట్లాడింది నా బిడ్డ. చేరిన అమ్మా, మామ ఆటోల ఉన్న, పక్కన మృదుల ఉన్నదన్నది. ఆమెకు ఎవరు ఫోన్ చెయ్యరే అమ్మా, నువ్వు రోజు చెయ్యమన్నది. నీ నెంబర్ గూడ చెప్పింది, రాసుకున్న" అంది.

నేను ఆ ఫోన్‌లో అన్నది ఒక్క ఊఁ మాత్రమే. నా నెంబరు నేను రమ్యకి ఎప్పుడూ ఇవ్వలేదు.

ఇప్పుడు నాకు బ్యాంకులో ఉద్యోగం. చంపాపేట్‌లో ఒంటరిగా కిరాయికి ఉంటున్నాను. రోజూ రాత్రి తాళం తీసి లోపలికి రాగానే ఫోన్ మోగుతుంది. ఇన్నేళ్ళలో అరుణమ్మ ఒక్కరోజూ మానలేదు.

"చేరినవా బిడ్డా?"

జవాబు చెబుదామని నోరు తెరుస్తాను. ఆలోపే నా చెవి పక్కనుంచి, "ఆ, చేరిన అమ్మా" అని వినిపిస్తుంది. అరుణమ్మ నవ్వుతుంది. ఇద్దరూ మాట్లాడుకుంటారు. నేను ఫోన్ పట్టుకుని నిలబడతాను. మొదట్లో భయంతో చచ్చేదాన్ని. తర్వాత భయం కొంత తగ్గింది. కుళ్ళు తగ్గలేదు. ఒక్కరోజన్నా ఆ బిడ్డా అన్న పిలుపు నాకోసం రాదా అని కడుపు మండుతూనే ఉంది. చచ్చినదాన్ని చూసి కూడా కుళ్ళుకునే మనిషిని నేను.

నిన్న రాత్రి అది తట్టుకోలేకపోయాను. ఫోన్ ఎత్తగానే, పక్కనుంచి మాట రాకముందే, గట్టిగా "చేరానమ్మా! నేను, మృదులని!" అన్నాను.

అరుణమ్మ నా మాట అసలు వినపడనట్టే రోజూలాగే అడిగింది.

"చేరినవా బిడ్డా?"

నా చెవి పక్కన గొంతు ఈసారి మెల్లగా పలికింది.

"లేదమ్మా. ఇంకా చేరలే. మృదుల నన్ను లేపలే."

అరుణమ్మ ఎప్పటిలాగే నెమ్మదిగా అడిగింది.

"మరి మృదుల పండుకున్నదా?"

"ఇంకా పండుకోలేదమ్మా. పండుకునేదాంక కూసొని సూస్తున్న."

ఇప్పుడు తెల్లవారుజామున నాలుగయింది. లైట్లన్నీ వేసుకుని ఇది రాస్తున్నాను. కళ్ళు మూతలు పడుతున్నాయి. చలిగా ఉంది... పచ్చ చున్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. అది ఇప్పుడు నా భుజాలమీద ఉంది.