బ్యాటరీ లేని రేడియో

సంచిలో రెండు పంచెలు. ఒక దుప్పటి. ఆరు జొన్నరొట్టెలు.

సుబ్బక్క సర్దుతోంది.

బయట స్తంభం మీది పంచాయతీ రేడియో గొట్టం ఆగకుండా అరుస్తోంది... "పైచెరువు కట్ట తెగినది. రెండు గంటలలో వరద నల్లబండపల్లె చేరగలదు. ప్రజలు వెంటనే గుట్టపైకి పోవలెను."

రేడియో గొంతు. తొణకదు. బెణకదు.

దీపాలు పెట్టే వేళకే వీధి సగం ఖాళీ! మూడు రోజులుగా పైన వానలు. ఆరేళ్ళ కిందట ఇదే కట్ట తెగి పన్నెండు మంది కొట్టుకుపోయారు. ఇక ఆగేదెవరు?

పంచెలు ఆమె మొగుడు హనుమన్నవి. పంచాయతీ రేడియో చూసుకునేది ఆయనే. ఊరికి ఇంకా కరెంటు రాలేదు. రేడియో నడిచేది బ్యాటరీ మీద. అది అయిపోతే కడపకు మోసుకుపోయి చార్జింగు పెట్టించాలి. సోమవారం అందుకే పోయాడు. ఈ సాయంత్రం బస్సుకు రావాలి.

రాలేదు.

వస్తే ఇద్దరం కలిసి గుట్టెక్కుదామని...

సుబ్బక్క చెయ్యి ఆగిపోతుంది.

బ్యాటరీ కడపలో ఉంది.

మరి ఆ మాట్లాడేది ఏంది?

సంచి చంకన పెట్టుకుని ఒక్క ఉరుకున వీధిలోకి! పక్కింటి పుల్లయ్య ముసలి తల్లి గురమ్మను వీపున మోసుకుపోతున్నాడు. అడ్డం పడి బ్యాటరీ సంగతి చెబుతుంది.

"సర్కారు గొంతక్కా అది. నీ మాటా, నా మాటా కాదు" అంటాడు పుల్లయ్య, ఆగకుండా.

"దాని ధ్యాసంతా మొగుడి మీదుండాది. నువ్వు పదరా" అంటుంది వీపు మీది గురమ్మ.

చివరి లాంతరు కూడా గుట్ట దారి పడుతుంది.

మూడొందల మగ్గాల ఊరు. ఒక్క మగ్గం చప్పుడు లేదు. ఈ వీధిలో తన అడుగులు తనకే వినబడడం ఆమెకు ఇదే మొదలు.

రేడియో గది రోజూ ఊడ్చేది ఆమే. గొట్టం నుంచి వచ్చే తీగ కిటికీలోకి దిగాలి.

దిగలేదు!

గోడ చుట్టి వెనక్కి పోయింది. తెగిన పోగును వెతుక్కున్నట్టు ఆ తీగను వేళ్ళతో పట్టుకుని నడుస్తుంది.

చేనేత సొసైటీ గోడౌను వెనక... లారీ. లైట్లు లేవు. నలుగురు మూటలు మోస్తున్నారు. ఒకడి చేతిలో తుపాకి. ఆ మూటల్లో దీపావళి బేరానికి పోవాల్సిన చీరలు. ఊరందరి ఆరు నెలల కష్టం.

లారీ పక్కన పెట్టె మీద కూర్చుని, లారీ బ్యాటరీకి తగిలించిన మైకులో మాట్లాడుతున్నవాడు తల తిప్పుతాడు.

హనుమన్న!

పాత పేపరు పట్టుకుని, వార్తలు చదివే గొంతు పెట్టి ఆమెను నవ్వించే హనుమన్న. మూడేళ్ళుగా నవ్వింది. గొట్టంలో మాత్రం పోల్చుకోలేకపోయింది.

"సుబ్బీ... గుట్టెక్కల్యా నువ్వు?"

"నీ కోసరం ఆగినా."

ఎవరికీ దెబ్బ తగలదన్నారని, చూపు తగ్గి మగ్గం వదిలినోడికి ఇంకేం దారి ఉందని, రేపు బెంగుళూరు పోదామని గొణుగుతాడు.

ఆమె మైకు లాక్కుంటుంది. "నేను సుబ్బక్కను. కట్ట తెగలేదు. దొంగలు పడినారు. దిగి రాండి."

గుట్ట మీద లాంతర్లు కదలవు. రేడియో సుబ్బక్కలా మాట్లాడదు మరి.

తుపాకివాడు ఇటు తిరుగుతాడు.

"నా మాట నమ్మల్యా వాళ్ళు" అంటుంది సుబ్బక్క. "ఆ గొంతు పెట్టి నువ్వే చెప్పు."

హనుమన్న ఆమెను చూస్తాడు. చంకలో సంచిని చూస్తాడు. సంచి మూతిలోంచి తన పంచె అంచు...

ఆమెను గోడ సందులోకి ఒక్క తోపు తోసి, మైకు అందుకుంటాడు.

"పైచెరువు కట్ట క్షేమముగా ఉన్నది. గోడౌనులో దొంగలు గలరు. ప్రజలు వెంటనే..."

ఢాం!

ఆ చప్పుడును కూడా గొట్టం ఊరంతా వినిపించింది.

గుట్ట మీద లాంతరు కదిలింది. ఒకటి... పది... వంద!

దొంగలు మూటలు వదిలేశారు. తమ పేర్లు తెలిసినవాణ్ణి మాత్రం వదల్లేదు. కూలిన హనుమన్నను లారీలోకి ఎత్తిపడేసి చీకట్లోకి పోయారు. సంచితో రోడ్డు దాకా ఉరికింది సుబ్బక్క.

గుట్టెక్కినోళ్ళందరూ తిరిగొచ్చారు. చీరలు పండగకు పోయాయి. బ్యాటరీ మరుసటి వారం కడప బస్సులో వచ్చింది.

1956 అక్టోబరు పదో తేదీ, బుధవారం రాత్రి ఆ లారీలో పోయిన హనుమన్న మళ్ళీ రాలేదు.