ఎడమచేతి ముడి

"ఏమయ్యో, ఇంకా తెల్లారనే లేదు, ఎటు?" చాయ్ గ్లాసు అందిస్తూ అడిగింది సంపూర్ణ.

"షాపుకు," అన్నాడు సంసోను చెప్పులేసుకుంటూ.

"ఎవరి షాపుకు?"

సంసోను వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. నిజమే, ఎవరిదని చెప్పాలి? టేకులపల్లి సెంటర్లో కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే వైండింగ్ షాపు పెట్టింది తనే. చేతులు బాగున్నప్పుడే అప్పజెబితే షాపు పెరుగుతుందని అప్పులిచ్చే ఖమ్మం సొసైటీ సారు చెబితే తలూపిందీ తనే. పోయిన నెల పాస్టరుగారితో ప్రార్థన చేయించి, కూతురు దీవెన చేతిలో తాళంచెవి పెట్టిందీ తనే. ఆమె పేరు, సెల్లు నంబరుతో కొత్త బోర్డు కూడా లేచింది. మరి పొద్దున్నే కాళ్లు అటే ఎందుకు లాగుతున్నాయో ఆయనకే అంతుబట్టడం లేదు. జేబులో దాచిన రెండో తాళంచెవి సంగతి మాత్రం పెళ్లానికి కూడా చెప్పలేదు మహానుభావుడు!

"ఊకె గట్ల నడిచొస్త," అని బయటపడ్డాడు.

షాపు తెరిచి, నిన్న దీవెన చుట్టిపెట్టిన మోటారు ముందు కూర్చున్నాడు. తీగచుట్టలకు ఆమె కట్టిన దారాలు కోసేసి, మళ్లీ తనే బిగించి కట్టసాగాడు. వారం నుంచీ ఇదే తంతు.

"దొరికినవ్ నాయినా!"

గుమ్మంలో దీవెన. ముఖం కందగడ్డలా ఉంది.

"నాది ఎడమచేతి వాటం, నా ముడి ఎడమకు తిరుగుతది. పొద్దుగాల చూస్తే అన్నీ కుడి ముళ్లే! ఏందీ మాయ అని పిచ్చిదాన్లెక్క అయిన. నేను చేసిన మోటారు ఒక్కటన్న కాలి తిరిగొచ్చిందా?"

"రాలే."

"మరెందుకు విప్పినవ్?"

"ఏమో బిడ్డా, నాకే సమజైతలేదు."

"నాకైంది. నువ్వు నాకు షాపియ్యలే, బోర్డు మీద పేరే ఇచ్చినవ్." తాళంచెవి బల్ల మీద పడేసింది. "నువ్వే ఏలుకో. నేను మణుగూరు పోయి కూలికి మోటార్లు చుట్టుకుంట."

పోయిందనుకున్న షాపు మళ్లీ చేతికొచ్చింది. సంతోషం రావాలి కదా? సంసోను ఆ తాళంచెవిని బల్ల మీదే ఆమె వైపు నెట్టాడు.

"నమ్మకం లేక కాదే తల్లీ! ఇంట్ల కూసుంటే ఈ చేతులు నాయి కావనిపిస్తది. పని లేకుంట నేనెవర్నే?" అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

దీవెన కోపం సగానికి దిగింది. అయినా తాళంచెవి ముట్టుకోలేదు.

అంతలో ఆటో ఆగింది. రైతు ధన్‌సింగ్ కాలిన మోటారు దింపుతూ, "సంసోనన్నా, మిరపతోట ఎండుతున్నది. రేపటికి చేసిస్తవా?" అన్నాడు.

అలవాటుగా 'అవ్' అనబోయి, కూతురి వైపు చూశాడు సంసోను. ఆమె తల దించుకుని ఉంది. జేబులోని తాళంచెవి తీసి, బల్ల మీది దానితో కలిపి ఆమె చేతిలో పెట్టాడు.

"ఓనరమ్మ ఈడుంటే నన్నడుగుతవేంది తమ్మీ!"

దీవెన గొంతు సవరించుకుంది. "రేపు పొద్దుగాల తీస్కపో కాకా."

ఆటో వెళ్లాక సంసోను చిన్న పీట లాక్కుని ఆమె పక్కన చేరాడు. దారపుండ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ ఎడమ ముడి ఎట్ల కడ్తవో నాగ్గూడ సూపియ్యి బిడ్డా."

దీవెన ఏడుస్తూనే నవ్వి, తండ్రి వేళ్లు పట్టుకుని ఎడమకు తిప్పింది.